కుడికాలి కింద లేని బ్రేకు

ఓయ్, నిన్నే! పదవినోదం సగంలో వదిలేసి ఇటు వచ్చావు కదూ? రా, కూర్చో. పోయిన వారం స్టీరింగ్ మామయ్య వాళ్ళ అక్కకి విమానమంటే భయమని చెప్పగానే 'అయ్యో పాపం' అని నిట్టూర్చావట. మీ ఇంట్లోవాళ్ళే చెప్పారులే. ఆ జాలి కాస్త దాచిపెట్టుకో, ఈ వారం ఇంకొకరికి ఖర్చు చెయ్యాలి.

కథ ఎక్కడ ఆగిందో నీకు గుర్తుండదు. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషివి, కథేం గుర్తుంటుంది? అందుకే మళ్ళీ చెప్తున్నా, చెవి ఇటు పడెయ్.

స్టీరింగ్ మామయ్య ఈ ఊరికీ కొండల అవతలి ఊరికీ మధ్య ముప్పై ఏళ్ళు బస్సు తోలాడు. ఎంత బాగా తోలేవాడో అంత బాగా జనాన్ని ఆటపట్టించేవాడు. ఫోనుకి చేతిరుమాలు అడ్డం పెట్టి, గొంతు బొంగురు చేసి, 'నేను డిపో మేనేజర్ని మాట్లాడుతున్నా' అని సెలవు రోజున తోటి డ్రైవర్లని యూనిఫారాలతో పరిగెత్తించినవాడు. ఆ విద్యలో అతనికి ఒక్కడే శిష్యుడు. అతని బస్సు కండక్టరు. ఆ కండక్టరుని అందరూ 'రైట్రైట్' అనే పిలిచేవాళ్ళు, నిద్దట్లో కూడా ఆ మాటే అంటాడని.

తొమ్మిదేళ్ళ కిందట కొండదారిలో, ఓ మలుపు ముందు, రైట్రైట్ 'రైట్ రైట్' అన్నాడు. బస్సు కదిలింది. ఎదురొచ్చిన లారీ టైరు కింద నుంచి ఎగిరిన రాయి అద్దం పగలగొట్టింది. గాజుముక్క మామయ్య కుడికంట్లో దిగింది. ఆ కంటితోనే బస్సు పక్కకి తీసి ఆపాడు, లోపల ఒక్కరికీ గీత పడలేదు. కానీ ఆ రోజు నుంచి మామయ్యది ఒకటే మాట. 'వాడు ఒక్క క్షణం ఆగి రైట్ అనుంటే ఆ లారీ వెళ్ళిపోయేది, నా కన్ను నాకుండేది.' చూడ్డానికొచ్చిన రైట్రైట్‌ని ఆసుపత్రి గది గుమ్మంలోంచే తరిమేశాడు. అంతే, మళ్ళీ మాటల్లేవు. రైట్రైట్ ఊరే వదిలి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఎడమ కన్ను కూడా అలిసిపోయింది. మొన్న డాక్టరు వేళ్ళు చూపించి ఎన్నని అడిగితే మామయ్య 'ఆరు' అన్నాడు. అందరూ నవ్వారు. మామయ్య కూడా నవ్వాడు. నిజంగానే ఆరు కనిపించాయని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఈ రోజు పొద్దున్నే అవతలి ఊరి కళ్ళ ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఎవరో పుణ్యాత్ముడు కన్ను దానం చేశాడు, మధ్యాహ్నం మూడులోపు వచ్చి చేరాలి, రాకపోతే వరసలో తర్వాతి మనిషికి పెట్టేస్తారు. చెప్పినాయన పొడిపొడిగా, బొంగురుగా, నాలుగు ముక్కలే మాట్లాడాడు. మామయ్య మాత్రం వదల్లేదు. 'బాబూ, నువ్వెవరో గానీ నీ నోట్లో చక్కెర పొయ్యాలి! ఇంత చల్లని గొంతు నా జన్మలో వినలేదు! నిన్ను కన్నతల్లి ఎవరోగానీ మహాతల్లి!' అని అవతల పెట్టేసినా ఇంకా పొగుడుతూనే ఉన్నాడు. అక్కడ ఆపాం. గుర్తొచ్చిందా? ఇక పద.

*

అక్క కుట్టు గదిలో ఎప్పుడూ నడవడానికి చోటుండదు. మిషను, ఇస్త్రీ బల్ల, గోడవారగా మడతలు పెట్టిన ఆకుపచ్చ గుడ్డ. ఏ నర్సుల బడికో యూనిఫారాలని రెండేళ్ళుగా అదే గుడ్డ కుడుతోంది అక్క. 'చిలకలకి చొక్కాలు కుడుతున్నావా అక్కా?' అని మామయ్య రోజూ అడిగేవాడు. కొలతలకని రెండు నెలలకోసారి పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వచ్చేది. పక్క టౌనే అని చెప్పింది. పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చే దూరమంటే పక్క టౌనే అవుతుంది మరి. ముప్పై ఏళ్ళు బస్సు తోలినవాడికి ఆపాటి లెక్క తెలీదా?

ఆ గది మధ్యలో ఇప్పుడు యుద్ధం జరుగుతోంది.

"బస్సుకి పదకొండు గంటలు," అన్నాడు మామయ్య. "నేను తోలితే తొమ్మిది."

"ఒంటికంటితోనా?" అంది మేనకోడలు. అక్క కూతురు, బళ్ళో లెక్కల టీచరు. చేతిలో ఫోను పట్టుకుని విమానం టిక్కెట్లు తీసే పనిలో ఉంది.

"ఒసేయ్, ఆ రోడ్డుకి కళ్ళెందుకే? అందులో ప్రతి గుంతా నా నడుముకి తెలుసు."

"సరే మామయ్యా. ఇప్పుడు ఎనిమిది. ఎనిమిదికి తొమ్మిది కలుపు."

మామయ్య కలిపాడు. కలిపి, మొహం ఏమాత్రం మార్చకుండా, "సాయంత్రమైతే డాక్టర్లు ఖాళీగా ఉంటారే. తీరిగ్గా కోస్తారు," అన్నాడు.

"మూడు దాటితే ఆ కన్ను ఇంకొకళ్ళకి వెళ్ళిపోతుంది! విమానంలో యాభై నిమిషాలు. ఎందుకు మొండికేస్తావ్?"

"నేనా? మొండా? నాదేముందే, నేనైతే రెక్క మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ వెళ్తా. ఎన్నిసార్లు ఎక్కలేదూ!" ఒక్కసారి కూడా ఎక్కలేదు. "మీ అమ్మ సంగతే చూడాలి. అక్క లేకుండా నేను ఆసుపత్రికి వెళ్తానా? అక్కేమో డాబా మెట్లెక్కితేనే కళ్ళు తిరుగుతాయంటుంది. దాన్ని తీసుకెళ్ళి మబ్బుల్లో కూర్చోబెడితే గుండాగి పోతుంది. వద్దు తల్లీ. నాకు కన్ను లేకపోయినా పరవాలేదు, అక్క కావాలి."

ఆ మాటతో తనకే కళ్ళు చెమర్చాయి. అబద్ధమైనా ఎంత బాగా చెప్పాడో చూడు!

నిజమేమిటంటే, మామయ్యకి విమానమంటే ప్రాణం పోతుంది. ముప్పై ఏళ్ళు ఎవరి బండీ సుఖంగా ఎక్కలేదు. ఇంకొకడు తోలుతుంటే పక్కన కూర్చుని గాల్లో బ్రేకులు తొక్కే రకం. అలాంటిది బ్రేకే కనిపించని బండి, కింద రోడ్డే లేని దారి! ఆ భయాన్ని ఇన్నేళ్ళూ అక్క కొంగు చాటున దాచాడు. ఎవరు విమానం మాటెత్తినా 'అక్కకి భయం' అనేవాడు. అక్క కూడా ఏనాడూ కాదనలేదు.

మిషను చప్పుడు ఆగింది. అక్క దారం పళ్ళతో తెంపి, సూది దిండుకి గుచ్చి, లేచి నిలబడింది.

"వాడు చెప్పింది నిజమే. నాకు భయమే," అంది.

"చూశావా?" అన్నాడు మామయ్య.

"అయినా ఎక్కుతాను."

"ఏంటి?"

"ఎక్కుతానురా. నీ కంటికోసం ఎక్కుతాను. పోతే పోతాను. నువ్వెటూ అలవాటైనవాడివి కాబట్టి పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకో. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా వదలకూడదు. పట్టుకుంటావా?"

మామయ్య నోరు తెరిచాడు. ఇన్నేళ్ళు అడ్డంగా పెట్టుకున్న గోడ తనంతట తనే లేచి చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్తుంటే మనిషి ఏమంటాడు? "పట్టుకుంటాలే," అన్నాడు నీరసంగా.

"టిక్కెట్లు తియ్యి," అని లోపల్నుంచి కూతురికి కేకేసి చెప్పింది అక్క. "వాడికి ఎడం వైపు కిటికీ సీటు చూడు. రెక్కకి వెనకాల."

ఎప్పుడూ విమానమెక్కని మనిషికి రెక్క ఎక్కడుంటుందో ఎలా తెలిసిందని మామయ్య అడగాల్సింది. నువ్వు కూడా అడగలేదు, చూశావా? మామయ్య మాత్రం అప్పటికే వీలునామాలో పాత బస్సు హారను ఎవరికి రాయాలా అని ఆలోచిస్తున్నాడు.

*

విమానాశ్రయంలో జేబులో వస్తువులన్నీ తీసి పళ్ళెంలో పెట్టమన్నారు. మామయ్య దువ్వెన, తాళాలు, రబ్బరు బల్లి పెట్టాడు. బల్లిని చూసి తనిఖీ చేసే ఆవిడ కెవ్వున అరిచి కుర్చీ వెనక్కి లాక్కుంది. నలుగురు గుమిగూడారు. రబ్బరుదని తేలాక అందరూ నవ్వారు, ఆవిడ తప్ప. ఆ నవ్వులో మామయ్యకి కొంచెం ఊపిరాడింది. ఈ గొడవలో అక్క ఎవరూ చెప్పకుండానే సంచి పళ్ళెంలో పెట్టి, చెప్పులు విప్పి, అవతలికి వెళ్ళి నిలబడటం మామయ్య చూడలేదు. ఆవిడ నడిచింది అతని కుడి పక్కన. కుడి పక్క అతనికి ఏమీ కనపడదు.

విమానం చిన్నది. అటు రెండు, ఇటు రెండు సీట్లు. రెక్కకి పెద్ద పంకా వేలాడుతోంది.

"అక్కా, భయపడకు," అన్నాడు మామయ్య కిటికీ పక్కన కూర్చుని. "ఇది విమానం కాదు, ఫ్యానున్న బస్సు. అంతే."

"అమ్మో," అంది అక్క కుడి పక్క నుంచి. చెయ్యి చాపింది. మామయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు.

తలుపు మూశారు. పైలట్ గొంతు వినిపించింది. మనం వెళ్ళే దూరం నూట తొంభై కిలోమీటర్లు, యాభై నిమిషాల్లో చేరతాం, వాతావరణం బాగుంది, అని.

"నూట తొంభయ్యా!" మామయ్య ఉలిక్కిపడ్డాడు. "అక్కా, వీడికి దారి తెలీదు. నాలుగొందల ముప్పై! నేను టైర్లతో కొలిచాను."

"వీళ్ళు తిన్నగా వెళ్తార్రా."

"తిన్నగా వెళ్తే మాత్రం? మిగతా రెండొందల నలభై ఎవడు తిన్నాడు?"

"కొండలు తిన్నాయి," అంది అక్క. గొంతు వణికింది. భయమే అనుకున్నాడు మామయ్య.

విమానం పరుగందుకుంది. బస్సయితే ఈ ఊపుకి ఎప్పుడో గేరు మార్చాలి. ఇతనెవరో మార్చడంలేదు. మామయ్య కుడికాలు దానంతటదే లేచి ముందుకి తన్నింది. బ్రేకు దొరకలేదు. మళ్ళీ తన్నింది.

"ఎవరండీ అది? నా నడుం విరగ్గొడుతున్నారు!" అన్నాడు ముందు సీటాయన తల తిప్పి.

"నేను కాదండీ, మా అక్క," అన్నాడు మామయ్య. "భయస్తురాలు. ఏమనుకోకండి."

"క్షమించు నాయనా," అంది అక్క పాపం, పక్క సీటు నేరం తన మీద వేసుకుని. "మొదటిసారి."

విమానం నేల వదిలేసింది. కడుపు అక్కడే ఉండిపోయి మనిషి మాత్రం పైకి వచ్చాడు. మామయ్య కళ్ళు మూసుకుని, "అక్కా, చెయ్యి వదలకు... అంటే నేను వదలను, నువ్వు ధైర్యంగా ఉండు," అన్నాడు.

"నువ్వున్నావుగా," అంది అక్క.

అంతలో ఇంజను హోరు ఒక్కసారిగా తగ్గింది. విమానాల్లో అది మామూలే. పైకి లేచాక అంత జోరు అక్కర్లేదు. కానీ బస్సు తోలినవాడి చెవికి ఆ చప్పుడుకి ఒకటే అర్థం. మామయ్య కళ్ళు తెరిచాడు.

"దొంగ వెధవ! న్యూట్రల్ చేశాడు!"

"ఏం చేశాడు?"

"న్యూట్రల్! డీజిలు మిగుల్చుకోవడానికి దిగుడులో మనవాళ్ళు చేసే పనే. గేరు తీసి వదిలేస్తారు. రోడ్డు మీదైతే సరే, దొర్లుకుంటూ పోతుంది. ఇక్కడ దొర్లడానికి ఏముంది?" నెత్తిమీద ఉన్న మీట కనిపించిన వెంటనే నొక్కేశాడు.

విమానంలో పనిచేసే అమ్మాయి నవ్వుతూ వచ్చింది. "చెప్పండి సార్."

"ఏంలేదమ్మా. నాకు కాదు, మా అక్కకి. మీ డ్రైవరు న్యూట్రల్లో తోలుతున్నాడా అని అడుగుతోంది. కంగారుపడుతోంది పాపం."

ఆ అమ్మాయి అక్క వైపు చూసింది. ఒక క్షణం పెదాలు బిగపట్టుకుంది. "లేదమ్మా, గేర్లోనే ఉంది," అంది అక్కతోనే, ఎంతో మర్యాదగా. "మీరేం భయపడకండి. కావాలంటే మీ తమ్ముడి చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకోండి."

"అలాగే తల్లీ," అంది అక్క.

"చూశావా?" అన్నాడు మామయ్య. "అడిగితే గాని గేర్లో పెట్టలేదు."

*

"కిటికీలోంచి చూడరా," అంది అక్క కాసేపటికి. "నాకు భయం. నువ్వు చూసి చెప్పు, ఏముందో."

చూడాలని లేదు. కానీ అక్కకి చెప్పాలిగా. నుదురు అద్దానికి ఆనించి, మిగిలిన ఆ ఒక్క కన్నూ చికిలించాడు.

ముందు పచ్చగా ఏదో మసక. తర్వాత మసకలోంచి కొండలు తేలాయి. కొండల మీద, ఎవరో పిల్ల చేతిలోంచి జారి పడేసుకున్న రిబ్బను ముక్కలాగా, తెల్లటి గీత. అటు తిరిగి, ఇటు తిరిగి, మళ్ళీ వెనక్కి వచ్చి, కొండ నడుం చుట్టూ మూడు చుట్లు తిరిగి...

"అక్కా," అన్నాడు. గొంతులో ఆటపట్టింపు లేదు. "నా రోడ్డు."

"కనిపిస్తోందా?"

"కనిపిస్తోందే! అదిగో, రేడియేటరు నీళ్ళు పట్టుకునే వాగు. అదిగో వంతెన. అక్కడ వానాకాలంలో బస్సులో పురుడొచ్చింది ఒకావిడకి. దుప్పట్లు అడ్డం పట్టించి, మగాళ్ళందర్నీ కిందికి దింపి వానలో నిలబెట్టాం. పిల్ల ఏడుపు వినగానే తడిసిన మగాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. పేరు ఏం పెట్టారో కూడా అడగలేదు నేను."

అద్దం మీద ఊపిరి తగిలి మసకయింది. చొక్కా చేత్తో తుడిచాడు.

"ఎంత చిన్నగా ఉందక్కా. నా జీవితమంతా ఈ గీత మీదే అటూ ఇటూ తిరిగాను. వీళ్ళు దాన్ని తొక్కకుండానే దాటేస్తున్నారు. నేను తిరిగిన సగం దూరం అసలు లేనేలేదు."

"లేకపోవడమేంట్రా? ఆ మలుపుల్లో ఉన్న ఊళ్ళన్నిటికీ నీ బస్సేగా దిక్కు. తిన్నగా పోతే వాళ్ళని ఎవరు ఎక్కించుకుంటారు?"

ఆ మాట మామయ్య లోపలికి దిగడానికి కొంచెంసేపు పట్టింది. దిగాక, గుండెలో ఏదో బరువు పక్కకి జరిగినట్టయింది. ఎన్ని వేలమంది ఎక్కారు ఆ బస్సు. దిగేటప్పుడు 'వస్తా డ్రైవరన్నా' అని ఎన్నిసార్లు విన్నాడు. వాళ్ళందరినీ దింపేసి బండి కడుక్కుని పడుకున్నాడే గాని, నన్ను నమ్మి నిద్రపోయారు కదా వీళ్ళు, అని ఒక్కరోజూ అనుకోలేదు. ఇప్పుడు తను ఎవడో ముక్కూమొహం తెలియని పైలట్ వెనకాల కూర్చున్నాడు. నమ్మడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది.

అప్పుడు కనిపించింది ఆ మలుపు. నల్లటి బండ పక్కన, కొండ మోచేయి వంచినట్టుండే చోటు. దాని మీద ఒక చుక్క కదులుతోంది. బస్సే కావచ్చు. అద్దం మీది మురికి కూడా కావచ్చు.

"అక్కడే అక్కా. నా కన్ను పోయింది అక్కడే."

అక్క అతని చేతిని కొంచెం నొక్కింది.

"పైనుంచి చూస్తే తెలుస్తోందే. ఆ బండ అడ్డం ఉంటే అవతలి లారీ ఎవడికి కనిపిస్తుంది? దేవుడు కండక్టరైనా రైట్ రైట్ అనే అంటాడు." చొక్కా చేత్తో అద్దం మళ్ళీ తుడిచాడు. "వాడి తప్పేముంది పాపం. ఆ రోజు నన్ను భుజానేసుకుని, దారినపోయే జీపుకి అడ్డంపడి ఆపి, ఆసుపత్రిదాకా నా తల వాడి ఒళ్ళోనే పెట్టుకున్నాడు. వాడి చొక్కా నిండా నా రక్తమే. ఆ చొక్కాతో గుమ్మంలో నిలబడితే పొమ్మన్నాను."

"ఈ మాట వాడి ఎదురుగా అనగలవా?"

"వాడు ఎదురైతే కదా. ఎక్కడున్నాడో ఏమో. బతికున్నాడో లేదో." మామయ్య ముక్కు ఎగబీల్చాడు. మనసు బాగా మెత్తబడితే వెంటనే ఏదో ఒక కోతి పని చెయ్యకపోతే ఆయనకి తోచదు. "సరేలే. ముందు ఇప్పుడున్నవాళ్ళకి రుణపడిన సంగతి చూద్దాం. కన్నిచ్చినాయన ఇంటివాళ్ళెవరో తెలిస్తే వాళ్ళ గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడతా. ఆ తర్వాత పొద్దున్న ఫోన్ చేసినాయన. ఏం గొంతక్కా అది! ఆయన్ని గట్టిగా వాటేసుకుని, భుజాన ఎత్తుకుని, ఆసుపత్రి చుట్టూ ఊరేగించకపోతే నా పేరు మార్చి పిలువు."

"మాట తప్పవు కదా?"

"నేనెప్పుడైనా తప్పానా?"

అక్క దగ్గింది. నవ్వుని దగ్గులో కలిపేసే పద్ధతి ఒకటుంది, కుట్టు గదిలో కొత్తకోడళ్ళ కొలతలు తీసేటప్పుడు బాగా అలవాటైంది ఆవిడకి. ఆవిడ కూర్చున్నది గుడ్డి పక్క కాబట్టి మామయ్యకి దగ్గే వినిపించింది.

*

దిగేటప్పుడు మామయ్య మూడు బ్రేకులు తొక్కాడు. మూడోది తొక్కగానే చక్రాలు నేలకి తగిలాయి. ముందు సీటాయన మూలిగాడు. విమానం వేగం తగ్గి, మలుపు తిరిగి, బుద్ధిగా ఆగింది. తానే ఆపినంత గర్వమొచ్చింది మామయ్యకి.

"అయిపోయింది అక్కా! చూశావా, ఏమీ కాలేదు. నేనున్నాను కదా!" అంటూ మొదటిసారి మొహం పూర్తిగా కుడి పక్కకి తిప్పాడు.

అక్క చెప్పులు విప్పేసి, కాళ్ళు సీటు మీదకి మడుచుకుని, నడుం వెనక చిన్న దిండు పెట్టుకుని, ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుని ఉంది. ఒళ్ళో సగం చదివిన వారపత్రిక. ఎడమ చెయ్యి మాత్రం మామయ్య గుప్పిట్లో ఉంది. ఆ చెయ్యి అటుపక్క ఎర్రగా కందిపోయి ఉంది. అయిదు వేళ్ళ గుర్తులు. ఆ వేళ్ళు అక్కవి కావు.

మామయ్య చటుక్కున చెయ్యి వదిలేశాడు.

జనం దిగుతున్నారు. తలుపు దగ్గర ఆ అమ్మాయి చిన్న గుడ్డలో మంచుముక్క చుట్టి పట్టుకుని నిలబడింది. "చేతికి పెట్టుకోండమ్మా. పాపం, ఎప్పుడూ ఎక్కగానే నిద్రపోయి దిగేటప్పుడు లేచేవారు. ఇవాళ కునుకు కూడా లేదు మీకు," అంది. తర్వాత మామయ్యతో, "అమ్మ పోయినసారే చెప్పారు సార్, ఎప్పుడో ఒకసారి తమ్ముణ్ణి తీసుకొస్తా, కొంచెం భయస్తుడు, వాడేమడిగినా నేనడిగినట్టే నాకు జవాబు చెప్పమని. మెట్లు జాగ్రత్త."

మామయ్య మెట్లు దిగాడు. ఎలా దిగాడో తెలీదు. కింద ఎండలో నిలబడి, "అక్కా," అన్నాడు. "నువ్వు... ఎన్నిసార్లు?"

"రెండేళ్ళ నుంచి రెండు నెలలకోసారి. నువ్వే లెక్కేసుకో."

"పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేదానివి కదే! పదకొండు గంటల దారి..." ఆగిపోయాడు. యాభై నిమిషాలు. తన లెక్కే తనకి అడ్డం తిరిగింది.

"ఆకుపచ్చ గుడ్డ నర్సుల బడికి కాదురా. ఈ కళ్ళ ఆసుపత్రికి. కోత గదిలో పేషంట్లకి వేసే గౌన్లు. ఇవాళ నీకు వేసేది కూడా నేను కుట్టిందే, పొట్ట దగ్గర కొంచెం వదులుపెట్టాను. అలా వచ్చినప్పుడల్లా నీ పేరు వరసలో ఎక్కడుందో కనుక్కునేదాన్ని."

"మరి ఇన్నాళ్ళూ నాకు భయమని..."

"తెలుసు. చిన్నప్పుడు ఉయ్యాల ఎక్కమంటే 'అక్కకి భయం' అన్నప్పటి నుంచీ తెలుసు."

మామయ్యకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. రెండూ కలిసి ఏదో వింత చప్పుడు వచ్చింది. ముప్పై ఏళ్ళు ఊరినంతా బోల్తా కొట్టించిన మనిషి, కందిన ఆ చేతిని మళ్ళీ రెండు చేతుల్లోకి తీసుకుని, ఊదాడు, చిన్నపిల్లాడు దెబ్బ మీద ఊదినట్టు. "అక్కా," అన్నాడు.

"చాల్లే పద, టైమవుతోంది," అంది అక్క. ఇద్దరూ లోపలి వరండాలోంచి బయటి తలుపు వైపు నడిచారు. నడుస్తూనే అడిగింది, చాలా మామూలుగా, "ఒరేయ్, ఆ పనులకీ ఈ పనులకీ నన్ను ఆసుపత్రిలో ఎవరు తిప్పారనుకున్నావ్? గౌన్ల పని ఎవరిప్పించారనుకున్నావ్?"

"ఎవరు?"

"అక్కడ అటెండరుగా పనిచేసే ఒకాయన. పొద్దున్న నీకు ఫోన్ చేసింది కూడా ఆయనే."

"ఆ మహానుభావుడేనా! ఎక్కడ? ముందు నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్ళు."

"గొంతు కొంచెం బొంగురుగా లేదూ?"

"ఉంది. అయితే ఏం, జలుబేమో."

"జలుబు కాదురా. ఫోనుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నువ్వు నేర్పిన విద్యే."

మామయ్య ఆగిపోయాడు. వెనక వస్తున్నవాళ్ళు అతన్ని తప్పుకుని వెళ్ళారు. ఆ విద్య అతను ఈ ప్రపంచంలో ఒక్కడికే నేర్పాడు.

"నువ్వు పొగుడుతుంటే పాపం అవతల రుమాలు తడిసిపోయిందట," అంది అక్క. "బయట నిలబడి ఉన్నాడు, మనల్ని తీసుకెళ్ళడానికి. వాటేసుకుని, భుజాన ఎత్తుకుని, ఆసుపత్రి చుట్టూ ఊరేగిస్తానన్నావుగా. మరీ బరువేం లేడులే, చిక్కిపోయాడు."

గాజు తలుపు దానంతటదే రెండు పక్కలకీ తెరుచుకుంది. అవతల ఎండ. ఎండలో జనం. జనంలోంచి, తొమ్మిదేళ్ళుగా వినని గొంతు, రుమాలేదీ అడ్డం లేకుండా, కొంచెం వణుకుతూ అరిచింది.

"రైట్... రైట్!"

మామయ్య కుడికాలు బ్రేకు తొక్కింది.